జెనీవా మీటింగ్‌కి వెళ్తుంటే: బస ఎక్కడ, రాక ఎటు నుంచి, చేతిలో ఏ డబ్బు

జెనీవా నుంచి ఆహ్వానం వచ్చిందంటే ఆ ఉత్తరంలో ముందు వెతకాల్సింది భవనం పేరు. ఫ్లైట్లు, ధరలు ఆ తర్వాత చూసుకోవచ్చు. ఊరు చిన్నదే, ట్రాములు బాగా తిరుగుతాయి. అయినా "జెనీవాలో మీటింగ్" అంటే అది ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్లలో ఏదైనా కావచ్చు. ఐక్యరాజ్య సమితి కార్యాలయమైన పలే దే నాస్యోన్, దాని చుట్టుపక్కలే ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, మేధోసంపత్తి సంస్థ, టెలికం సంస్థ ఐటీయూ, రెడ్‌క్రాస్ ప్రధాన కార్యాలయం అన్నీ రోన్ నదికి కుడి ఒడ్డున, రైల్వే స్టేషన్‌కి ఉత్తరాన ఉంటాయి. పాలెక్స్‌పో అనే పెద్ద ఎగ్జిబిషన్ హాలు విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది. సెర్న్ అనే కణభౌతిక పరిశోధన కేంద్రం ఊరి పడమటి చివర, ఫ్రాన్స్ సరిహద్దు మీద ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో తేలితే గది ఎక్కడ తీసుకోవాలో తేలుతుంది. గది తేలితే మిగతా ప్రశ్నలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి: ఏ కరెన్సీ, ఏ సిమ్, ఏ ప్లగ్, చివరికి వీసా ఆఫీసులో ఏం అడుగుతారన్నది కూడా.

అందుకే ఈ పోలిక బసతోనే మొదలుపెడుతున్నాను. ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది కూడా అక్కడే.

గది ఎక్కడ?

జెనీవాలో హోటళ్ల ధరలు చూసి గుండె ఆగినంత పనవుతుంది. మామూలు త్రీ స్టార్ గదికి కూడా రాత్రికి 200 స్విస్ ఫ్రాంకుల చుట్టుపక్కల అవుతుంది. ఏప్రిల్‌లో పాలెక్స్‌పోలో గడియారాల ప్రదర్శన, మేలో ప్రపంచ ఆరోగ్య సభ, జూన్‌లో కార్మిక సదస్సు జరిగే వారాల్లో అదే గది ఇంకా పైకి పోతుంది. దాంతో చాలామంది మ్యాప్ తెరిచి కాస్త పక్కకి జరిపి, సరిహద్దు దాటగానే ఫ్రాన్స్‌లో సగం ధరకి కనిపించే గదులు చూసి సంబరపడతారు. ఆ సంబరం ఎప్పుడు సరైనది, ఎప్పుడు కాదు అన్నదే అసలు లెక్క.

లెక్కలో ముందు వేసుకోవాల్సింది జెనీవా ట్రాన్స్‌పోర్ట్ కార్డు. జెనీవా కాంటన్‌లోని (కాంటన్ అంటే స్విస్ రాష్ట్రం) హోటల్లో, యూత్ హాస్టల్లో, క్యాంపు సైట్లో దిగినవాళ్లకి ఇది ఉచితం. ఉన్నన్నాళ్లూ ఊళ్లోని ట్రాములు, బస్సులు, కాంటన్ లోపల తిరిగే రైళ్లు, సరస్సు మీద తిరిగే మూయెత్ అనే చిన్న పసుప్పచ్చ పడవలు, అన్నీ దీనితోనే ఎక్కొచ్చు. కార్డు మన పేరు మీదే ఉంటుంది, వేరేవాళ్లకి పనికిరాదు. హోటళ్లు సాధారణంగా మనం చేరకముందే మెయిల్‌లో లింక్ పంపిస్తాయి. రాకపోతే రెండు మూడు రోజుల ముందు ఒక మెయిల్ రాసి అడగండి. అది చేతిలో ఉంటే విమానాశ్రయం నుంచి గదికి వెళ్లే టికెట్ ఖర్చు కూడా తప్పుతుంది. ప్రైవేటు అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంటే ఈ కార్డు రాదు. సరిహద్దు అవతల దిగినా రాదు. ధరలు పోల్చేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇప్పుడు ఒక్కో పేట సంగతి.

పలే దే నాస్యోన్ చుట్టుపక్కల, గ్రాన్ సాకొనే వైపు గది దొరికితే పొద్దున్నే నడిచి వెళ్లిపోవచ్చు. మీటింగ్ రోజుకి పది గంటలు సాగేదైతే, మధ్యలో గదికొచ్చి ఫైలు మార్చుకోవాల్సి వస్తే, ఇంతకు మించిన చోటు లేదు. కాకపోతే సాయంత్రం ఆరయ్యాక ఆ పేట ఖాళీ. ఆఫీసులు మూతపడ్డాక తినడానికి చోటు వెతుక్కోవాలి. తొమ్మిదింటికే పడుకునే అలవాటు ఉన్నవాళ్లకి అదే హాయి.

కోర్నవాన్ అనేది ప్రధాన రైల్వే స్టేషన్. దాని పక్కనుంచి సరస్సు దాకా ఉన్న పేట పాకీ. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. స్టేషన్ దగ్గర 15వ నంబరు ట్రాము ఎక్కితే పది నిమిషాల్లోపే నాస్యోన్ చౌరస్తా వస్తుంది. 18వ నంబరు ట్రాము నేరుగా సెర్న్ గేటు దగ్గర ఆగుతుంది, దానికి ఇరవై పాతిక నిమిషాలు పడుతుంది. విమానాశ్రయానికి రైల్లో ఏడు నిమిషాలు. పాకీలో ఇండియన్, లెబనీస్, ఇథియోపియన్, థాయ్ భోజన హోటళ్లు వీధి వీధికీ కనిపిస్తాయి, మిగతా ఊరితో పోలిస్తే ధరలూ కాస్త తక్కువే. ఈ పేటకి ఇంకో ముఖం కూడా ఉంది. రూ ద బెర్న్, దాని చుట్టుపక్కల రెండు మూడు వీధులు రాత్రిపూట సెక్స్ వర్కర్లకి, బార్లకి పేరుపడ్డవి. స్విట్జర్లాండ్‌లో అది చట్టబద్ధమే. భయపడాల్సినంత ఏమీ లేదు గానీ వేసవి రాత్రుల్లో గోల ఉంటుంది. వీధి వైపు కాకుండా లోపలి వైపు గది అడిగి తీసుకుంటే నిద్రకి ఇబ్బంది ఉండదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లలో కొందరు స్టేషన్ వెనక వీధులకన్నా సరస్సు వైపున్న హోటళ్లకే మొగ్గుతారు. ఆ ఆలోచనలో తప్పేం లేదు.

నది అవతల ఓవీవ్, ప్లాంపలే, కరూజ్. పాత ఊరు కూడా అటే, కొండ మీద. చూడ్డానికి అందమైన జెనీవా ఇదే. కానీ మీటింగ్ కుడి ఒడ్డున ఉంటే రోజూ వంతెన దాటాలి, కొన్ని చోట్ల నుంచైతే ట్రాము మారాలి, రెండుపూటలా కలిపి గంట పోతుంది. మీటింగ్ అయ్యాక రెండ్రోజులు సెలవు పెట్టుకుని ఉండేవాళ్లకి అప్పుడు అటు మారడం బాగుంటుంది. మీటింగ్ రోజుల్లో వద్దు. పాత ఊళ్లో రాళ్లు పరిచిన ఎత్తు వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాక్కెళ్లడం ఒక శిక్ష.

ఇక ఫ్రాన్స్ వైపు. ఆన్‌మాస్, ఫెర్నే-వోల్టేర్, సెర్న్‌కి దగ్గర్లో సాన్ జెనీ. 2019 డిసెంబరు 15న లెమాన్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు మొదలయ్యాక వీటిలో ఆన్‌మాస్ స్థానం మారిపోయింది. కోర్నవాన్ నుంచి ఆన్‌మాస్‌కి ఇరవై రెండు నిమిషాలే. ఆ రైలు ఇంకా ముందుకెళ్లి సెషెరోన్ స్టేషన్లో ఆగుతుంది కాబట్టి ప్రపంచ వాణిజ్య సంస్థకి, నాస్యోన్ పేటకి వెళ్లేవాళ్లు కోర్నవాన్‌లో దిగి మారనక్కర్లేదు. 17వ నంబరు ట్రాము కూడా ఆన్‌మాస్ దాకా పోతుంది, కాకపోతే నెమ్మది. ఫెర్నే విమానాశ్రయానికి అవతలి పక్కనే ఉంటుంది. రైలు లేదు, బస్సు ఉంది. మామూలు వేళల్లో ఆ బస్సు చక్కగా నడుస్తుంది. ఇబ్బందల్లా పొద్దున్నే. ఫ్రాన్స్‌లో ఇల్లు, జెనీవాలో ఉద్యోగం ఉన్నవాళ్లు లక్ష మందికి పైనే. వాళ్లంతా మనం బయల్దేరే వేళకే బయల్దేరతారు. తొమ్మిదింటి మీటింగ్‌కి ఫెర్నే నుంచి ఎనిమిదిన్నరకి బస్సెక్కడం టెన్షన్ కొనితెచ్చుకోవడమే.

ఇప్పుడు ఖర్చు కలపండి. రోజూ రానూపోనూ సరిహద్దు దాటే టికెట్, ఫ్రాన్స్‌లో యూరోలు, ఇటు ఫ్రాంకులు, రెండు దేశాల్లోనూ పనిచేసే సిమ్, ఆలస్యమైన రాత్రి టాక్సీ. మూడు నాలుగు రోజుల మీటింగ్‌కి ఇవన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. గదిలో మిగిలింది దారిలో పోతుంది. రెండు మూడు వారాలు సాగే సదస్సుకి మాత్రం లెక్క తిరగబడుతుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ ఆన్‌మాస్‌లో తీసుకుని, అక్కడి సూపర్‌మార్కెట్లలో సామాన్లు కొనుక్కుని వండుకుంటే గట్టిగానే మిగులుతుంది. అందుకే నా లెక్కలో నాలుగైదు రోజుల లోపైతే జెనీవాలోనే, చిన్న గదైనా సరే. పది రోజులు దాటితే ఆన్‌మాస్ గురించి నిజంగా ఆలోచించొచ్చు. మధ్యలో ఉన్నవాళ్లు సంస్థ భత్యం ఎంత ఇస్తోందో చూసుకుని తేల్చుకోవాలి. ఫెర్నే నాకు పాలెక్స్‌పోకి వెళ్లేవాళ్ల విషయంలో తప్ప పెద్దగా నచ్చదు.

సరస్సు ఒడ్డునే ఉన్న వేరే స్విస్ ఊళ్లు లోజాన్, న్యోన్ కూడా కొందరు చూస్తారు. న్యోన్ పావుగంట, లోజాన్ నలభై నిమిషాలు, రైళ్లు వరసగా ఉంటాయి. కానీ స్విస్ రైలు టికెట్ చవకేం కాదు, లోజాన్ హోటల్ ఇచ్చే కార్డు జెనీవాలో చెల్లదు. జెనీవాలో గదులు పూర్తిగా నిండిపోయిన వారంలో మాత్రమే.

సెర్న్‌కి వెళ్లేవాళ్లు ముందు ఆహ్వానించిన విభాగాన్ని ఒక మాట అడగండి. ఆవరణ లోపలే సెర్న్ సొంత హాస్టల్ ఉంది. అక్కడ గది దొరికితే ఈ పోలికంతా పక్కన పెట్టేయొచ్చు.

వీసాకి, గదికి ఉన్న లంకె

స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ 2008 డిసెంబరు నుంచి, ఒకే వీసాతో తిరిగే వీలున్న యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో ఉంది. అంటే భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకి షెంజెన్ వీసా కావాలి. అది ఉంటే ఫ్రాన్స్‌లోకి అటూ ఇటూ తిరగడానికి వేరే వీసా అక్కర్లేదు. సింగిల్ ఎంట్రీ వీసా మీద జెనీవా నుంచి ఆన్‌మాస్‌కి వెళ్లి రావడాన్ని దేశం దాటినట్టు లెక్కేయరు. రెండూ షెంజెన్ లోపలే కదా. ఈ భయంతో అనవసరంగా మల్టిపుల్ ఎంట్రీ కోసం పట్టుబట్టేవాళ్లు ఉన్నారు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది మాత్రం జాగ్రత్తగా చూడాలి. నియమం ప్రకారం ప్రయాణంలో ముఖ్యమైన గమ్యం ఏ దేశమో ఆ దేశానికే. పని వల్ల గానీ ఉండే రోజుల వల్ల గానీ ముఖ్యమైనది అన్నమాట. మీటింగ్ జెనీవాలో, గది ఫ్రాన్స్‌లో అయితే స్విస్ కాన్సులేట్‌కి వెళ్లే ఫైల్లో అన్ని రాత్రులూ ఫ్రాన్స్ హోటల్ పేరే కనిపిస్తుంది. అది తప్పు కాదు, కానీ ప్రశ్న పుట్టిస్తుంది. మీటింగ్ జెనీవాలో అని, గది ఎందుకు అటు తీసుకున్నానో ఒక పేరా కవరింగ్ లెటర్లో రాసేస్తే సరిపోతుంది. మీటింగ్ తర్వాత పారిస్‌లో వారం రోజులు ఉందామనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి, అక్కడ రోజులే ఎక్కువైపోతాయి.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. మామూలుగా పదిహేను రోజుల్లో తేల్చాలి, కానీ అదనపు పరిశీలన ఉంటే నలభై అయిదు రోజుల దాకా సాగొచ్చు. కాబట్టి గది బుక్ చేసేటప్పుడు 'వెనక్కివ్వం' అనే చవక ధరకీ, రద్దు చేసుకునే వీలున్న ధరకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, వీసా చేతికొచ్చేదాకా రెండోదే. ఆ పదీ ఇరవై ఫ్రాంకులు బీమా అనుకోండి. బీమా అంటే గుర్తొచ్చింది, ప్రయాణ వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాలసీ కాగితం మీద షెంజెన్ దేశాలన్నీ వర్తిస్తాయని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఎటు నుంచి రావాలి?

ఇక్కడ పోటీ నాలుగింటి మధ్య: గల్ఫ్ మీదుగా, యూరప్‌లో ఇంకో పెద్ద విమానాశ్రయం మీదుగా, జ్యూరిక్‌లో దిగి రైల్లో, పారిస్‌లో దిగి రైల్లో.

గల్ఫ్ మీదుగా వస్తే పాస్‌పోర్టు తనిఖీ జెనీవాలోనే జరుగుతుంది. చిన్న విమానాశ్రయం, లైను సాధారణంగా భరించదగ్గదే. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, వియన్నా లాంటి చోట్ల మారితే తనిఖీ అక్కడే అయిపోతుంది. తర్వాత జెనీవాలో దిగి నేరుగా బయటికి నడిచి వెళ్లిపోతాం. వినడానికి బాగుంది గానీ ఆ పెద్ద విమానాశ్రయంలో తెల్లవారుజామున నాలుగైదు విమానాలు ఒకేసారి దిగితే లైను ఎంతుంటుందో చెప్పలేం. పైగా 2025 అక్టోబరు 12 నుంచి ఈఈఎస్ అనే కొత్త పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే బదులు మన వివరాలు, ఫొటో కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. మొదటిసారి దీనికి సమయం పడుతుంది. గంటంబావు వ్యవధితో చూపించే కనెక్షన్ టికెట్ కాగితం మీద చెల్లుతుంది, నేను మాత్రం రెండు గంటలకి తక్కువైతే కొనను. రెండింట్లో ధర దగ్గర దగ్గరగా ఉంటే నా ఓటు గల్ఫ్‌కే. మీటింగ్ ముందురోజు కనెక్షన్ తప్పిపోతుందేమోనన్న బెంగ ఉండదు.

ఎటు నుంచి వచ్చినా ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ ప్రింట్లు చేతి సంచిలో ఉండాలి. "ఎందుకొచ్చారు?" అని అడిగినప్పుడు ఫోన్లో మెయిల్ వెతుక్కోవడం, అక్కడే చార్జింగ్ అయిపోవడం, వెనక లైను నిట్టూర్చడం, ఇవన్నీ ఒక్క కాగితంతో తప్పుతాయి.

జ్యూరిక్‌కి టికెట్ చవగ్గా దొరికితే? విమానాశ్రయం కిందే స్టేషన్. అక్కణ్నుంచి జెనీవాకి దాదాపు మూడు గంటల రైలు ప్రయాణం. దారిలో చివరి గంట సరస్సు పక్కనుంచి, ద్రాక్షతోటల మధ్య నుంచి పోతుంది. పగటిపూట అయితే బాగుంటుంది. ఖర్చు దగ్గరే చిక్కు. మామూలు టికెట్ ఖరీదు ఎక్కువ. సూపర్‌సేవర్ పేరుతో ముందే కొంటే తగ్గుతుంది కానీ అది ఆ రైలుకే చెల్లుతుంది. విమానం లేటైతే టికెట్ పోయినట్టే. అందుకని వచ్చేటప్పుడు కాకుండా తిరిగి వెళ్లేటప్పుడు జ్యూరిక్ నుంచి ఎగిరేలా టికెట్ పెట్టుకుంటే, ఆ చవక రైలు టికెట్‌ని ధైర్యంగా కొనుక్కోవచ్చు.

పారిస్ దారి: గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే ఫ్రెంచి హైస్పీడ్ రైలు మూడు గంటల పది నిమిషాల్లో కోర్నవాన్‌లో దింపుతుంది. కానీ విమానం దిగేది ఊరికి అవతలి వైపున్న షార్ల్ ద గాల్‌లో. సామాన్లతో నగరం దాటాలి. పారిస్‌లో ఎలాగూ పని ఉన్నవాళ్లకి తప్ప ఇది దారి కాదు.

విమానాశ్రయం నుంచి గదికి

స్టేషన్ టెర్మినల్‌ని ఆనుకునే ఉంటుంది. అక్కడ బయల్దేరే ఏ రైలెక్కినా కోర్నవాన్‌లో ఆగుతుంది. లోజాన్ అని రాసుందా, జ్యూరిక్ అని రాసుందా అని కంగారు పడక్కర్లేదు. గది నాస్యోన్ వైపైతే కోర్నవాన్ దాకా పోయి వెనక్కి రావడం దండగ. విమానాశ్రయం బయట 5వ నంబరు బస్సు నాస్యోన్ మీదుగానే వెళ్తుంది. టాక్సీ అర్ధరాత్రి దిగినవాళ్లకి, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. ఒంటరిగా పగటిపూట అయితే ఆ డబ్బుతో రెండు పూటలు భోంచేయొచ్చు.

ట్రాములో, బస్సులో ఎక్కేటప్పుడు టికెట్ ఎవరూ అడగరు. గేట్లు లేవు, కండక్టరు లేడు. అందుకే కొందరు పొరపడతారు. తనిఖీవాళ్లు ఉన్నట్టుండి ఎక్కుతారు, టికెట్ లేకపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది, విదేశీయులమన్న మాట చెల్లదు. తలుపులు కూడా వాటంతట అవే తెరుచుకోవు, బటన్ నొక్కాలి.

డబ్బు, సిమ్, ప్లగ్

స్విట్జర్లాండ్ కరెన్సీ స్విస్ ఫ్రాంకు. "యూరప్ వెళ్తున్నా" అని ఫారెక్స్ కార్డులో యూరోలు వేయించుకుని వచ్చేవాళ్లు ఎంతమందో. ఆ కార్డు ఇక్కడ గీస్తే యూరో నుంచి ఫ్రాంకుకి ఇంకోసారి మార్పిడి, దానికో రుసుము. జెనీవాలో ఉంటే ఫ్రాంకులే వేయించండి. ఆన్‌మాస్‌లో ఉంటే రెండూ. యూరో నోట్లు చాలా దుకాణాలు తీసుకుంటాయి గానీ రేటు వాళ్లిష్టం, చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు. ఫారెక్స్ కార్డా, మామూలు క్రెడిట్ కార్డా అంటే, మీ క్రెడిట్ కార్డు విదేశీ లావాదేవీకి ఎంత శాతం అదనంగా తీసుకుంటుందో చూడండి. మూడు, మూడున్నర శాతం ఉంటే ఫారెక్స్ కార్డు గెలుస్తుంది, సున్నా శాతం కార్డయితే అదే మేలు. హోటల్లో డిపాజిట్ పట్టి ఉంచడానికి మాత్రం క్రెడిట్ కార్డే సుఖం, ఫారెక్స్ కార్డులో ఆ సొమ్ము రోజుల తరబడి ఇరుక్కుపోతుంది. మెషీన్ మీద "రూపాయల్లో చెల్లిస్తారా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఎప్పుడూ ఫ్రాంకులే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు ఆ మెషీన్ కంపెనీ వేస్తుంది. నగదు యాభై వంద ఫ్రాంకులు ఉంటే చాలు, కాఫీకి కూడా కార్డు గీయొచ్చు.

ఫోన్ విషయంలో అసలు గొడవ సరిహద్దుతోనే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అదనపు రుసుము లేకుండా రోమింగ్ ఇచ్చే నియమం స్విట్జర్లాండ్‌కి వర్తించదు. 'యూరప్' అని అమ్మే ఈ-సిమ్‌లలో కొన్ని స్విట్జర్లాండ్‌ని వదిలేస్తాయి. కొనేముందు దేశాల జాబితా తెరిచి పేరుందో లేదో చూడండి. స్విస్ మాత్రమే ఉన్న ప్యాకేజీ తీసుకున్నా ఇంకో చిక్కుంది. సెర్న్ దగ్గర, విమానాశ్రయం ఉత్తరపు అంచున ఫోన్ ఫ్రెంచి టవర్‌ని పట్టేసుకుంటుంది, మనం అడుగు కదపకపోయినా సరే. అందుకే రెండు దేశాలూ ఉన్న ఈ-సిమ్ ఈ ఊరికి సరైనది. ఇండియా సిమ్ మీద రోమింగ్ ప్యాక్ కూడా మూడు నాలుగు రోజులకి చెడ్డదేం కాదు, బ్యాంకు ఓటీపీలు వస్తాయి. ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి హోటల్ వైఫై ఎలాగూ ఉంటుంది.

ప్లగ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. స్విస్ సాకెట్ ఆరు పలకల గుంటలా, చిన్నగా లోపలికి ఉంటుంది, దానికి మూడు సన్నటి రంధ్రాలు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ అందులో ఇమిడిపోతుంది. మన లాప్‌టాప్‌ల లావు గుండ్రటి మూడు పిన్నులు దూరవు. ఆశ్చర్యం ఏమిటంటే జర్మనీలో, ఫ్రాన్స్‌లో పనిచేసే లావుపాటి గుండ్రటి ప్లగ్గు కూడా ఇక్కడ దూరదు, దాని ముఖమే ఆ గుంటకన్నా పెద్దది. 'యూరప్ అడాప్టర్' అని అమ్మేవాటిలో చాలావరకు ఈ లావు రకమే. స్విట్జర్లాండ్ అని విడిగా రాసున్నది గానీ, సన్నటి రెండు పిన్నులు బయటికొచ్చే యూనివర్సల్ రకం గానీ తీసుకోండి. వోల్టేజీ మనదే, 230, దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పెట్టెలో తిండి

ఇది పెద్ద విషయం కాదనుకుంటారు, కానీ కస్టమ్స్ దగ్గర పెట్టె తెరిపిస్తే పెద్దదే అవుతుంది. ఇండియా నుంచి స్విట్జర్లాండ్‌కి మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురాకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా సంగతి ఇంట్లోనే తేల్చుకోండి. తాజా పళ్లు, కూరగాయలు, ఆకులకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి కరివేపాకు రెబ్బలు, మామిడిపళ్లు వద్దు. అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరం, డ్యూరియన్‌లకి మినహాయింపు ఉంది. ఆవకాయ, కందిపొడి, అటుకులతో ఈ పేచీ లేదు. కాకపోతే ఆవకాయ నూనె కారకుండా కట్టడం మీ బాధ్యత.

ఫ్రాన్స్‌లో సామాన్లు కొని జెనీవాకి తెచ్చుకునేవాళ్లకి ఇంకో లెక్క: మనిషికి రోజుకి 150 ఫ్రాంకుల విలువ దాకా పన్ను లేదు. 2025కి ముందు ఇది 300 ఉండేది, పాత సమాచారం చూసి మోసపోకండి. మాంసం రోజుకి కిలో దాకా తేవచ్చు.

భోజనానికి మధ్యాహ్నం పూట 'ప్లా ద్యు జూర్' అని బోర్డు మీద రాసేది ఆ రోజు ప్రత్యేకం, మెనూలో విడిగా తీసుకోవడం కన్నా చవక. పన్నెండు నుంచి రెండు మధ్యే. రెండున్నరకి వెళ్తే చాలాచోట్ల వంటగది మూసేస్తారు, సాయంత్రం ఏడింటి దాకా కాఫీ, కేకులే. మీగ్రో, కోప్ సూపర్‌మార్కెట్ల సెల్ఫ్ సర్వీస్ హోటళ్లు బడ్జెట్‌కి బాగుంటాయి. నీళ్ల సీసాలు కొనకండి, కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. వీధుల్లో ఫౌంటెన్ల నీళ్లు కూడా తాగొచ్చు, 'నోన్ పొతాబ్ల్' అని రాసినవి తప్ప.

మొదటిరోజు పొద్దున్న

పలే దే నాస్యోన్ ముందు చౌరస్తాలో ఒక కాలు విరిగిన పెద్ద కుర్చీ ఉంటుంది. పన్నెండు మీటర్ల ఎత్తు, మందుపాతరలకి వ్యతిరేకంగా 1997లో నిలబెట్టింది. ట్రాము దిగగానే అదీ, దాని ఎదుట జెండాల వరసా కనిపించి అందరూ అటే నడుస్తారు. ఆ గేటు బ్యాడ్జ్ ఉన్నవాళ్లకి. కొత్తగా వచ్చినవాళ్లు బ్యాడ్జ్ తీసుకోవాల్సింది ప్రెన్యీ గేటు దగ్గర. చౌరస్తా నుంచి ఎత్తు రోడ్డు మీద, రెడ్‌క్రాస్ భవనం వైపు పది నిమిషాలు నడక. పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ ఆమోదించిన మెయిల్ ప్రింటు పట్టుకుని, పెద్ద సదస్సు అయితే గంట ముందే వెళ్లండి. సోమవారం పొద్దున్న లైను పొడుగ్గా ఉంటుంది. చలికాలంలో అయితే 'బీజ్' అనే ఉత్తరపు గాలి సరస్సు మీంచి కొడుతుంది. థర్మామీటర్ అయిదు డిగ్రీలు చూపించినా ఆ లైన్లో ఒంటికి తగిలేది అంతకన్నా చాలా తక్కువ. కోటు కంటే చెవులు కప్పే టోపీ ముఖ్యం.

అత్యవసరానికి 112, అంబులెన్స్‌కి 144, పోలీసుకి 117.

తిరుగు ప్రయాణం ఆదివారం పడితే ఊళ్లో దుకాణాలు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి. తెరిచి ఉండేవి కోర్నవాన్ స్టేషన్లోవి, విమానాశ్రయంలోవి. చాక్లెట్లు లోపల డ్యూటీ ఫ్రీలో కొనేకన్నా, సెక్యూరిటీకి ముందే విమానాశ్రయం షాపింగ్ వరసలో ఉన్న మీగ్రోలో కొనండి. అక్కడ సూపర్‌మార్కెట్ ధరలే ఉంటాయి. పది మందికి పంచాలంటే ఆ తేడా బాగానే తెలుస్తుంది. బరువు మాత్రం కౌంటర్‌కి వెళ్లే ముందే చూసుకోండి.